ఆకుతోటలో ఒక పూట

ఆకును పచ్చిగా తినడం మన ఇండ్లలో అలవాటు లేదు. కొత్తిమీర, పుదీనా రుచికోసం పైన చల్లుకునేవేగాని వాటిని కూర అని ఎవరూ అనరు. తమలపాకు సంగతి వేరు, అది భోజనమయిన తరువాతి మాట. తోటకూర గాని, చుక్కకూర గాని, గోంగూర గాని పొయ్యిమీదికి ఎక్కి దిగితే తప్ప విస్తట్లోకి రావు. అటువంటి మనవారే, తరతరాలుగా రాగులు, అనపకాయలు, టొమేటోలు పండించుకొని బ్రతికిన తెలుగు రైతులే, ఈనాడు హోసూరు చుట్టుపట్ల పల్లెలలో, పట్నాలవారు పచ్చిగా నమిలే ఆకులను పండించి బెంగుళూరికి పంపుతున్నారంటే వినడానికి వింతగానే ఉంటుంది.

హోసూరు బెంగుళూరికి నలభై కిలోమీటర్ల దూరం. పేరు కన్నడం, ప్రభుత్వం తమిళం, చుట్టుపట్ల పల్లెలలో చాలాచోట్ల ఇంటి మాట తెలుగు. 1965 వరకు సేలం జిల్లాలో ఉండినది, తరువాత ధర్మపురి జిల్లాలోకి పోయినది, 2004 నుండి కృష్ణగిరి జిల్లా. ఇన్ని చేతులు మారినా చలి మాత్రం మారలేదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నది. దగ్గరనే ఉన్న తళి ప్రాంతానికి దొరలు చిన్న ఇంగ్లండు అని పేరు పెట్టుకున్నారు. రాజాజీగారు పుట్టిన తొరపల్లి కూడా ఈ పక్కనే. 1970ల తరువాత కార్ఖానాలు వచ్చినవి, 2019లో ఊరు నగరపాలక సంస్థ అయినది. అయినా ఊరు దాటి నాలుగు మైళ్ళు పోతే ఆ చలువను నమ్ముకొని గులాబీలు, క్యాబేజీ, కాప్సికం పెంచే తోటలు నేటికీ ఉన్నవి. ఈ పచ్చి ఆకు కూడా ఆ చలువను వెతుక్కుంటూ వచ్చినదే.

నేను పోయినది వినోదానికి కాదు. మా బావమరిది కూతురికి ఒక సంబంధం వచ్చినది. పిల్లవాడు డిప్లొమా చదివినాడు, ఒక కార్ఖానాలో నాలుగేండ్లు పని చేసి మానుకున్నాడు, ఇప్పుడు తండ్రి భూమిలో ఎకరంన్నర ఆకుతోట చేస్తున్నాడు. ఆ మానుకున్నాడన్న చోటనే మా బావమరిదికి ముల్లు గుచ్చుకున్నది. "నెలజీతం వదిలి ఆకులమ్ముకునేవాడికి పిల్లనెట్లా ఇచ్చేది బావా? నీవు లెక్కలు చూసేవాడివి, ఒకసారి పోయి చూచి రా" అన్నాడు. పిల్ల బి.కాం. చదివి ఒక కంపెనీలో లెక్కల పనిలోనే ఉన్నది. ఆమె వద్దనలేదు, సరేననలేదు. "మామయ్య చూచి వచ్చి చెప్పనీ" అన్నది. ఇరవై రెండేండ్లుగా కచేరీలో బిల్లులు సరిచూస్తున్న వాడిని గనుక, ఈ బిల్లు కూడా నా బల్లమీదికే వచ్చినది.

డిసెంబరు నెల రెండవ శనివారం మాకు సెలవు. కోత చూడాలంటే తెల్లవారకముందే రావాలని పిల్లవాడు ఫోనులో చెప్పినందువల్ల, శుక్రవారం రాత్రికే బస్సులో హోసూరు చేరి మా పినతల్లిగారింట పడుకున్నాను. అయిదు గంటలకు మోటారు సైకిలు వచ్చి వాకిట్లో నిలిచినది. మంచు కప్పిన దారిలో, కెలవరపల్లి అణకట్ట వైపు, తలకు తువ్వాలు చుట్టుకొని వెనుక కూర్చుని పోతుంటే దారిపొడుగునా గుడిసెల ముందు పొగ, ఎక్కడో గేదె అరుపు, అంతకు మించి ఏమీ తెలియలేదు. దారిలో అతడు రెండు మాటలే మాట్లాడినాడు. "చలిగా ఉండాదా మామా?" అన్నది ఒకటి. "ఆకుకు ఈ చలే కావాల" అన్నది రెండవది.

తోటలో అప్పటికే ఆరుగురు ఆడవాళ్ళు తలకు దీపాలు కట్టుకొని కోత కోస్తున్నారు. గని కూలీలు పెట్టుకునే దీపాల వంటివి. చీకట్లో ఆరు వెలుగులు వంగి లేస్తుంటే, కత్తి తగిలినప్పుడల్లా కర్రుమని ఒక చిన్న చప్పుడు. ఎండెక్కి ఆకులో వేడి చేరిన తరువాత కోస్తే పట్నం చేరేలోపల వాడిపోతుందట. తెల్లవారుజామున కోసి, నీడలో ఉంచి, ఎనిమిది గంటలకు బెంగుళూరులో దింపాలి. వందపాళ్ళలో తొంబది అయిదు పాళ్ళు నీరే అయిన వస్తువును అమ్మడం అంటే గడియారంతో పందెం వేసుకోవడమే.

వెలుగు వచ్చిన తరువాత చూస్తే మడులు నేతచీర అంచులవలె ఉన్నవి. ఒక వరుస లేత పచ్చ, ఒక వరుస ముదురు పచ్చ, ఒక వరుస వంకాయ రంగు ఎరుపు. వీటన్నిటికీ ఉమ్మడి పేరు లెట్యూస్. మన చామంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబంలోవో ఇది కూడా ఆ కుటుంబంలోదే. మొదలు కోస్తే పాలు కారుతవి. లాటిను భాషలో పాలకున్న మాట నుండే దీనికి పేరు వచ్చినది. గ్రాము విత్తనంలో సుమారు ఎనిమిది వందల గింజలుంటవి. ఆ గింజకు వేడి గిట్టదు, మట్టి బాగా వేడెక్కితే మొలకెత్తకుండా మొండికేస్తుంది. ఏప్రిల్, మే నెలలలో ఇతడు విత్తనాన్ని ఇంట్లో ఫ్రిజ్జిలో పెట్టి, తరువాత గుంటల పళ్ళేలలో కొబ్బరిపీచు పొట్టు నింపి, నీడవల కింద మొలిపిస్తాడట. "మా ఫ్రిజ్జిలో పాలకంటే విత్తనాలే జాస్తి" అని వాళ్ళమ్మ అన్నది. నారు వేసిన తరువాత నెలా పదిహేను రోజులు మొదలు రెండు నెలల లోపల ఆకు జాతులు కోతకు వస్తవి. గట్టి గడ్డవలె ముడుచుకునే ఐస్‌బర్గ్ జాతికి ఇంకా కొంత ఎక్కువ. ఎండ ముదిరితే నడిమి కాడ పొడుగు సాగి పూతకు వస్తుంది, ఆకు చేదెక్కుతుంది, ఆ మడి ఇక ఆవులకే. వాన ఎక్కువయితే మొదలు కుళ్ళుతుంది. మార్గశిర పుష్యాలు తప్పించి తక్కిన నెలలన్నీ దీనికి పరీక్షలే.

ఇంకొక మూలన రాకెట్ అనే ఆకు ఉన్నది. పేరు విని నేను నవ్వితే, ఒక ఆకు తుంచి చేతిలో పెట్టినాడు. నమిలితే ఆవ ఘాటు. ఆవ కుటుంబంలోదేనట, ఆశ్చర్యం లేదు. దాని పక్కన బేసిల్ అనే మొక్క. ఇది మనకు చుట్టమే. వేసవిలో నానబెట్టుకొని పానకంలో వేసుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. మనము గింజ తిని ఆకు వదిలేసినాము, వాళ్ళు ఆకు తిని గింజ వదిలేసినారు.

ఇక నీళ్ళ సంగతి. నేను చూడవలసినది ఇదేనని పోయిన గంటలోనే తెలిసినది.

తోటకు తూర్పు గట్టున కెలవరపల్లి కాలువ పారుతున్నది. నదిని మనము దక్షిణ పినాకిని అంటాము, తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. నందికొండల దగ్గర పుట్టి, హోసకోట మీదుగా బెంగుళూరు తూర్పు అంచున పారి, తమిళనాడులోకి దిగి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. హోసూరు దగ్గర దీనికి కట్టిన అణకట్ట కెలవరపల్లిది. బెంగుళూరు మురుగులో పెద్ద భాగం బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా వచ్చి ఈ నదిలోనే కలుస్తుంది. బెళ్ళందూరు చెరువు 2015లోను, మళ్ళీ 2017లోను మంటలంటుకున్న సంగతి చదువరులు మరచి ఉండరు. సముద్రంలో బడబాగ్ని ఉన్నదని మన పెద్దలు చెప్పగా విన్నాముగాని చెరువులో నిప్పు మా కాలంలోనే చూచినాము. అదే నీరు వానకాలంలో కెలవరపల్లి గేట్లు దాటేటప్పుడు నురుగై, దూదికొండలవలె లేచి, గాలికి పొలాలమీద పడిన సంవత్సరాలు ఉన్నవి. మేము బెంగుళూరువారము స్నానాలగదిలో, వంటింటి తూములో వదిలిన సబ్బు హోసూరు రైతుకు ఇట్లా చేరుతున్నది.

నేను పోయిన రోజున నురుగు లేదు. కాలువ నీరు చూపుకు మామూలుగానే, కొంచెం నల్లగా ఉన్నది. వాసన మాత్రం ఉన్నది. ఆ నీరు ఉచితం, గట్టుకు ఇవతల పైపు వేస్తే చాలు. చుట్టుపట్ల కొందరు వాడుకుంటున్నారు కూడా, వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, వాళ్ళ పొలం ఎండితే మనము పోయి తడుపుతామా?

"మీరు దేనికి పెడతారు ఈ నీళ్ళు?" అని అడిగినాను.

"గులాబీకి, పసుల గడ్డికి పెడుతుండినాము. గడ్డికి నిరుడు మానేసినాము, పాలలోకి వస్తాదేమోనని. గులాబీకి పెడతాము. పూవును ఎవరూ తినరు గద మామా."

"ఆకుకు?"

"ఆకుకు పెట్టేది లేదు. వంకాయయితే ఉడికిస్తారు, క్రిములు చస్తాయి. ఇది పొయ్యి చూసేది కాదు. నేను కోసినదే వాళ్ళ నోట్లోకి పోతాది. కార్ఖానాల మందు కలిసినదయితే ఉడికించినా పోదు."

ఇది పుస్తకంలో చదివిన మాటవలె లేదు, చాలాసార్లు తనలో తాను తర్కించుకొని తేల్చుకున్న మాటవలె ఉన్నది. తండ్రి అరుగుమీద కూర్చుని వింటున్నాడుగాని కలుగజేసుకోలేదు.

ఆకుకు పెట్టేది బోరు నీరు. పంపు గదిలో గోడమీద ఎర్ర రంగుతో మూడు వరుసలు రాసి ఉన్నవి. 2009, 480 అడుగులు. 2014, 760 అడుగులు. 2019, 1,020 అడుగులు. మొదటి రెండు బోర్లు ఎండినవి, మూడవది నడుస్తున్నది. నేను జేబులో పుస్తకం తీసి రాసుకున్నాను. నలభై ఏండ్ల కిందట ఇదే చేలో మోటబావి ఉండేదట, నీళ్ళు చేతికందే లోతున ఉండేవని ముసలామె చెప్పినది. ఇప్పుడు ఆ బావిలో నీళ్ళు లేవు, పావురాలున్నవి.

ఉన్న నీటిని ఇతడు తులాలలెక్కన ఖర్చు పెడుతున్నాడు. మొక్కమొక్కకు సన్నని గొట్టం, దానికి బెజ్జాలు, చుక్కలు చుక్కలుగా నీరు. మట్టి ఆరకుండా మడిమీద వెండిరంగు షీటు పరచి, మొక్క ఉన్నచోట మాత్రం చిల్లి పెట్టినాడు. షెడ్డు కప్పుమీద పడిన వాననీరు పోనీయకుండా ఒక కుంట తవ్వి, అడుగున షీటు వేసి నిలుపుతున్నాడు. కోసిన ఆకును కడిగే నీరు కూడా మూడు తొట్లు దాటి, చివరకు మునగచెట్ల మొదళ్ళకు పోతుంది. నీటిని యేటా పరీక్షకు పంపుతాడు, ఆ కాగితాలు మేకుకు గుచ్చి ఉన్నవి. నేను అడగకపోయినా తీసి చూపినాడు. కాగితం మేకుకు గుచ్చి ఉంచే అలవాటు నాకు నచ్చినది, మా కచేరీలోకూడా ఇంత వరుసగా ఉండవు.

ఇంత చేసినా కొనేవాడికి నీటి సంగతి పట్టదు. హోటళ్ళకు సరఫరా చేసే దళారీ ఆకు అంచు చిరిగిందా లేదా అని చూస్తాడు, రంగు చూస్తాడు, చివర మాడి ఉంటే డబ్బా మొత్తం తిప్పి పంపుతాడు. అది ఏ నీటితో పెరిగినదో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదట. కాలువ నీటి ఆకుకూ బోరు నీటి ఆకుకూ అతని దగ్గర ఒకటే ధర, పైగా డబ్బు చేతికి వచ్చేది నెలా నెలన్నర తరువాత.

2020 మార్చి నెలాఖరున దేశమంతా మూతపడినప్పుడు హోటళ్ళూ మూతపడినవి. కోతకు వచ్చిన మడులన్నీ అట్లనే నిలిచిపోయినవి. "పది దినాలు ఆవులకు వేసినాము. పదకొండో దినం ఆవులు గూడ మొగం తిప్పుకున్నాయి" అని తల్లి చెప్పినది. పన్నెండవ రోజున ఇతడు కూరగాయల బండికి పాసు సంపాదించి, బెంగుళూరులో కార్ఖానా నాటి స్నేహితుడు ఉండే మేడల సముదాయం గేటు ముందు నిలబడి ఇంటింటికీ అమ్మినాడు. అక్కడ మొదటిసారి ఒక పెద్దావిడ అడిగినదట: "ఏ నీళ్ళు పెడతావు నాయనా?" అని. ఆ మాట చెప్పేటప్పుడు పిల్లవాడి ముఖం చూడవలసినది. నేటికి తోటలో సగం ఆకు అటువంటి ఇండ్లకే వారానికి రెండుసార్లు పోతుంది, డబ్బు ఆ రోజే వస్తుంది. తక్కిన సగం ఇంకా దళారీకే.

పద్దు పుస్తకం చూపమన్నాను. నా పని అదే గదా. తెచ్చి ఇచ్చినాడు, తెరిస్తే తమిళ అక్షరాలు. నాకు తెలుగు వచ్చు, కన్నడం వచ్చు, తమిళ అక్షరం రాదు. అతడు చదివి వినిపిస్తుంటే అర్థమయినది, అక్షరాలే తమిళం, మాటలన్నీ తెలుగు. బడిలో నేర్చినది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, రెంటినీ ఇట్లా కలిపినాడు. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం గనుక 'గడ్డి' అన్నది 'కడ్డి'గా కనబడుతుంది, చదివేటప్పుడు మాత్రం సరిగా చదువుతాడు. మా మేనకోడలికి కన్నడమూ ఇంగ్లీషూ వచ్చు. ఈ సంబంధం కుదిరితే ఇంటి పద్దు ఏ లిపిలో నడుస్తుందో చూడాలి. పద్దులో దాపరికం లేదు. సహకార సంఘం అప్పు ఎంత, నీడవలకు ప్రభుత్వం ఇచ్చిన సహాయం ఎంత, దళారీ బాకీ ఎంత, అన్నీ ఉన్నవి. ఖర్చులు పోగా మిగిలేది అతని పాత జీతం కంటే కొన్ని నెలలు ఎక్కువ, కొన్ని నెలలు తక్కువ. వేసవి నెలలు రెండు పూర్తిగా నష్టం.

తొమ్మిది గంటల వేళకు వాళ్ళ అవ్వ వచ్చినది. ఎనభై దాటిన మనిషి, ఒడిలో సంచి కట్టుకొని మడుల మధ్య కూర్చుని కలుపు తీయడం మొదలుపెట్టినది. తీసిన కలుపును గట్టుమీద పారవేయదు, సంచిలో వేసుకుంటుంది. చూస్తే చెంచలాకు, దొగ్గిలాకు, గురుగాకు, గంగపాయల. అన్నీ కలిపి బెరకాకు అంటుంది, కన్నడిగుల బెరకె సొప్పు ఇదే. "వాడు నాటిందాన్ని పట్నం తింటాది, దేవుడు నాటిందాన్ని మేము తింటాము" అని నవ్వినది. ఆ నవ్వులో కొంత ఎత్తిపొడుపు లేకపోలేదు. ఇందులో తమాషా ఏమంటే, ఆమె సంచిలోని గంగపాయలను ఐరోపాలోను, తురుష్క దేశాలలోను పచ్చిగానే తింటారు. ఇతడు ఈ మధ్య ఆ ఆకును కూడా చిన్న కట్టలు కట్టి బెంగుళూరు ఇండ్లకు పంపుతున్నాడట. కలుపుకు ధర కట్టినాడని అవ్వకు కోపం.

భోజనానికి ఆ బెరకాకు పులుసు, రాగిసంగటి. పక్కన నా కోసమని ఒక పళ్ళెంలో పచ్చి ఆకులు, నిమ్మరసం, ఉప్పు, మిరియాలపొడి చల్లి పెట్టినారు. తిన్నాను. చల్లగా, కరకరలాడుతూ, నీటి రుచితో ఉన్నది. నీటి రుచి అని ఊరికే అనడం లేదు, దానికి వేరే రుచి లేదు. సంగటితో పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. ఆకు ఉడికితేనే ఆకు అన్నది నేటికీ నా అభిప్రాయం.

భోజనమయిన తరువాత తండ్రి నన్ను ఒంటరిగా పిలిచి గట్టుమీదికి తీసుకుపోయినాడు. పడమట చూపినాడు. రెండు చేల అవతల రాళ్ళు పాతి, రంగు జెండాలు కట్టి, ఇంటి స్థలాలు వేసినారు. "వారానికి ఒకడు వస్తాడు బావగారూ, ధర అడుగుతాడు. నేను ఇచ్చేస్తామంటాను. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే వడ్డీతో కూర్చుని తినొచ్చు. వీడు వినడు. మీరన్నా చెప్పండి." చెప్పడానికి నేనెవరిని? పైగా పిల్లనిచ్చేవాళ్ళు భూమి అమ్మమని చెప్పడం ఏ శాస్త్రంలోనూ లేదు. కాని ఆ పెద్దాయన మాటలో దురాశ లేదు. రెండు బోర్లు ఎండగా చూచినవాడు, మూడవది ఎండేదాకా ఆగడం ఎందుకంటున్నాడు.

సాయంత్రం బస్సుకు దిగబెట్టేటప్పుడు పిల్లవాడిని అడిగినాను. "ఈ బోరూ ఎండితే ఏం చేస్తావు?"

కొంతసేపు ఊరకున్నాడు. "ఆకు మానేస్తా మామా. వానకు రాగులు, అనపలు వేస్తా. మళ్ళీ పనికి పోవలసి వస్తే పోతా. కాలువ నీళ్ళు పెట్టి ఆకు మాత్రం అమ్మను."

ఇంటికి వచ్చి మా బావమరిదికి రెండు పేజీల జాబు రాసినాను. అప్పు, బాకీ, బోరు లోతులు, వేసవి నష్టం, తండ్రి అభిప్రాయం, అన్నీ వరుసగా వేసినాను. చివరి మాటలు కూడా ఉన్నవి ఉన్నట్లు రాసినాను. ఆదాయం స్థిరం కాదని స్పష్టంగా చెప్పినాను. నా మట్టుకు నేను ఆ నీటి కాగితాలు చూచిన తరువాత పిల్లవాడిపట్ల సుముఖుడనేనని కూడా రాసినాను. మా బావమరిది చదివి ఇంకా ఆలోచిస్తున్నాడు. కూతురు మాత్రం జాబు చేతికి తీసుకొని, పెన్సిలుతో 1,020 అన్న అంకె కింద గీత గీచి, "వాననీటి కుంట ఎంత పెద్దది మామయ్యా? పొడుగు వెడల్పు రాసుకోలేదా?" అని అడిగినది. తానే కొలుచుకోవచ్చునన్నాను.

సంక్రాంతి వెళ్ళిన మొదటి ఆదివారం ఆమె, వాళ్ళమ్మ, నేను హోసూరు బస్సు ఎక్కుతున్నాము. గంగపాయల పప్పు చేస్తానని అవ్వ కబురు పెట్టినది.